అంటువ్యాధి వస్తే ఠాణా ఎలా నడపాలి? 2020లో డ్యూటీ చేసినవాళ్లు చెప్పండి

కొత్త_ఎస్సై | ఆదివారం, రాత్రి 9:14

అందరికీ నమస్కారం. నేను ఎస్సైగా చేరి రెండేళ్లు దాటింది. కొవిడ్ వచ్చినప్పుడు డిగ్రీ చదువుతున్నా, ఇంట్లో కూర్చుని లూడో ఆడిన బ్యాచ్. ఇప్పుడు పైనుంచి కాగితం వచ్చింది. అంటువ్యాధి ప్రబలితే ఏం చేస్తారో ప్రతి స్టేషన్ రెండు పేజీల ప్లాన్ రాసి పంపాలట. మా దగ్గర హోంగార్డులతో కలిపి 34 మంది. 27 ఊళ్లు. పక్కనే హైవే.

పాత ఫైలు తీసి చూశా. సర్క్యులర్లే తప్ప, అప్పుడు ఇక్కడ ఏం జరిగిందో ఒక్క ముక్క లేదు. ఆ సర్క్యులర్లనే మళ్లీ టైపు కొట్టి పంపితే పది నిమిషాల్లో అయిపోతుందని మా రైటర్ (స్టేషన్‌లో రాతపని చూసే ఆయన) సలహా. నాకు మనసొప్పలేదు. అప్పుడు డ్యూటీ చేసినవాళ్లు, చేసినవాళ్ల ఇంట్లోవాళ్లు, పోలీసుల వల్ల ఇబ్బంది పడ్డవాళ్లు, ఎవరైనా సరే చెప్పండి. తిట్టినా పర్లేదు.

విశ్రాంత_సీఐ | ఆదివారం, రాత్రి 10:02

తమ్ముడూ, నేను అప్పుడు ఒక సర్కిల్‌లో సీఐని. ఊరు పేరు వద్దులే.

మార్చి 22 ఆదివారం జనతా కర్ఫ్యూ. సాయంత్రం అయిదింటికి జనం డాబాలెక్కి పళ్లేలు మోగించారు. ఆ మోత ఆగిందో లేదో తెలంగాణలో నెలాఖరు దాకా లాక్‌డౌన్ అన్నారు, ఆంధ్రలోనూ అంతే. మంగళవారం రాత్రి దేశమంతా 21 రోజులు అని చెప్పారు. ఆలోచించుకోవడానికి మాకు దొరికింది ఆ ఒకటి రెండు రాత్రులే.

నేను చేసిన మొదటి తప్పు నీకు ముందే చెప్తా. ఉన్న 42 మందినీ ఒకేసారి రోడ్డెక్కించా. పొద్దున ఆరున్నరకు స్టేషన్ ముందు అందరినీ వరుసగా నిలబెట్టి రోల్ కాల్. మనిషికీ మనిషికీ మధ్య మూరెడు జాగా లేదు. అది అయిపోగానే మైకు పట్టుకుని ఊళ్లోకి పోయి, మీటరు దూరం పాటించండి అని జనానికి చెప్పేవాళ్లం! అప్పుడు ఎవరికీ నవ్వు కూడా రాలేదు.

జులైలో దెబ్బ తగిలింది. నాటుసారా కేసులో ఒకణ్ని పట్టుకొచ్చారు. రిమాండ్‌కు ముందు టెస్టు చేయిస్తే పాజిటివ్. అప్పటికే వాడు రైటర్ రూములో నాలుగు గంటలు కూర్చున్నాడు, మా వాళ్ల గ్లాసులోనే టీ తాగాడు. 11 మంది క్వారంటైన్. రైటర్ లేడు, కోర్టు కానిస్టేబుల్ లేడు, జీపు డ్రైవర్ లేడు. పక్క స్టేషన్ నుంచి ఆరుగురిని అప్పు తెచ్చుకుని పది రోజులు ఈడ్చా. ఒక లీటరు సారా కోసం స్టేషనే మూతబడినంత పనయింది.

ఆ తర్వాతే బుద్ధొచ్చింది. స్టాఫ్‌ను రెండు జట్లు చేశా. ఒక జట్టు వారం డ్యూటీ, రెండో జట్టు వారం ఇంట్లో, పిలిస్తే వచ్చేలా. ఈ జట్టువాళ్లు ఆ జట్టువాళ్ల మొహం చూడకూడదు. చార్జి అప్పగించడం ఫోన్లోనే. కుండలు వేరు, బండ్లు వేరు. పిటిషన్లు తీసుకోవడానికి బయట వేపచెట్టు కింద టెంటు వేసి టేబుల్ పెట్టాం. అరెస్టు చేయాల్సిందే అన్న కేసు తప్ప ఎవరినీ లోపలికి తేలేదు. మిగతావాళ్లకు నోటీసు చేతిలో పెట్టి పంపేయడమే.

ప్లాన్‌లో మొదటి పేరా జనం గురించి రాయకు. నీ 34 మంది గురించి రాయి. వాళ్లు పడిపోతే నీ ప్లాన్ కాగితమే.

కొత్త_ఎస్సై | ఆదివారం, రాత్రి 10:20

సార్, 50 దాటినవాళ్లు, షుగర్, బీపీ ఉన్నవాళ్ల సంగతి? మా దగ్గర అలాంటివాళ్లు తొమ్మిది మంది.

విశ్రాంత_సీఐ | ఆదివారం, రాత్రి 10:41

పెద్దవాళ్లను రోడ్డు మీద పెట్టొద్దని పైనుంచే చెప్పారు. చెప్పడం తేలిక. నా దగ్గర 56 ఏళ్ల హెడ్ కానిస్టేబుల్ ఉండేవాడు, షుగర్. నువ్వు స్టేషన్‌లోనే ఉండు అన్నా. ‘నన్ను పనికిరానివాణ్ని చేశారా సార్’ అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు ఆయనకు ఒక ఫోను, ఒక రిజిస్టరు ఇచ్చా. హోం క్వారంటైన్‌లో ఉన్న ప్రతి ఇంటికీ రోజూ ఫోన్ చేయాలి, ఏం కావాలో రాయాలి. ఇంకేం అడక్కు. ఏ ఇంట్లో పాలు అయిపోయాయి, ఏ ముసలమ్మకు బీపీ మాత్రలు లేవు, ఎవరింట్లో మొగుడు పెళ్లాన్ని కొడుతున్నాడు, అన్నీ ఆయనకు తెలిసేవి. జూన్ కల్లా జనం 100కు కొట్టడం మానేసి నేరుగా ఆయనకే చేసేవాళ్లు. రోడ్డు మీద నిలబెట్టి ఉంటే లాఠీ ఊపే మరో చెయ్యి అయ్యేవాడు, అంతే.

అమీర్‌పేట_హాస్టల్_బ్యాచ్ | ఆదివారం, రాత్రి 11:18

ఇబ్బంది పడ్డవాళ్లు కూడా రాయొచ్చన్నారు కాబట్టి రాస్తున్నా. 2020 మార్చిలో అమీర్‌పేటలో కోచింగ్‌లో ఉన్నా. లాక్‌డౌన్ అనగానే హాస్టల్ ఓనర్ ఖాళీ చేయమన్నాడు. మెస్సు బంద్, నీళ్లు కూడా సరిగ్గా లేవు. మార్చి 25న, సరిగ్గా ఉగాది రోజు, పోలీస్ స్టేషన్లలో ఎన్ఓసీలు (సొంతూరికి పోవడానికి అనుమతి కాగితాలు) ఇస్తున్నారని తెలిసింది. వందల మంది స్టేషన్ల ముందు ఒకరి మీద ఒకరు పడి నిలబడ్డాం. సీలు వేసిన కాగితం చేతికొచ్చేసరికి లాటరీ తగిలినంత సంతోషం.

నలుగురం కారు మాట్లాడుకుని బయల్దేరాం. దారిలో ఎవరూ ఆపలేదు, కాగితం చూసి పొమ్మన్నారు. రాష్ట్ర సరిహద్దులో గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆంధ్ర పోలీసులు ఆపేశారు. మీ కాగితం మాకు సంబంధం లేదన్నారు. వెనక చూస్తే కార్లు, బైకులు, కనుచూపు మేర. ఆడపిల్లలం రోడ్డు పక్కన బ్యాగుల మీద కూర్చున్నాం. తినడానికి మా దగ్గరున్నది రెండు బిస్కెట్ ప్యాకెట్లు. ఉగాది పచ్చడి సంగతేమో గానీ ఆరు రుచులూ ఆ రాత్రే తెలిశాయి.

నాకు ఆంధ్ర పోలీసుల మీద కోపం లేదు, హైదరాబాద్ పోలీసుల మీదా లేదు. ఇద్దరూ వాళ్లకు చెప్పిందే చేశారు. ఒకరు ఇచ్చే కాగితం ఇంకొకరు ఒప్పుకుంటారా అని ఇచ్చే ముందు ఒక్క ఫోన్ చేయలేకపోయారా అన్నదే నా బాధ.

విశ్రాంత_సీఐ | సోమవారం, ఉదయం 6:35

అమ్మా, మీరు అడిగింది న్యాయం. ఆ గొడవ తర్వాత అప్పటి తెలంగాణ డీజీపీ మహేందర్ రెడ్డి గారు ఎన్ఓసీలు ఆపేయమన్నారు, హాస్టళ్లు ఖాళీ చేయించకూడదని కూడా చెప్పారు. ఆ రెండో మాట ముందు రోజే చెప్పి ఉంటే కాగితం అవసరమే పడేది కాదు. సమస్య హాస్టల్ గేటు దగ్గర పుట్టింది. దానికి పరిష్కారం గేటు దగ్గరే, ఓనర్‌ను పిలిచి కూర్చోబెట్టి మాట్లాడటంలో ఉంది. మావాళ్లు దాన్ని 200 కిలోమీటర్ల అవతలికి నెట్టారు.

ఎస్సై తమ్ముడూ, ఇది రాసుకో. నీ సంతకం ఎంత దూరం చెల్లుతుందో తెలియకుండా సంతకం పెట్టకు.

లాయర్_గుంటూరు | సోమవారం, ఉదయం 8:10

చట్టం సంగతి ఒకటి రెండు ముక్కలు. అప్పుడు కుప్పలు తెప్పలుగా పెట్టినవి ఐపీసీ 188 కేసులు. 1897 నాటి ఎపిడమిక్ డిసీజెస్ యాక్ట్ కింద ఇచ్చిన ఉత్తర్వు మీరితే శిక్ష ఆ సెక్షన్ కిందే. బొంబాయిలో ప్లేగు వచ్చినప్పుడు బ్రిటిష్‌వాళ్లు చేసిన చట్టం, నాలుగైదు సెక్షన్లు కూడా నిండా లేవు. దానికి తోడు 2005 విపత్తు నిర్వహణ చట్టం.

చాలామంది ఎస్సైలు మర్చిపోయిందేమిటంటే సీఆర్‌పీసీ 195. 188 కేసును కోర్టు విచారణకు తీసుకోవాలంటే ఆ ఉత్తర్వు ఇచ్చిన అధికారి గానీ, ఆయన పైఅధికారి గానీ రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. పోలీసులు సొంతంగా ఛార్జిషీటు వేస్తే నిలవదు. ఈ ఒక్క పాయింటు మీద హైకోర్టుల్లో ఎన్నో ఎఫ్ఐఆర్‌లు ఎగిరిపోయాయి. ఇప్పుడు 188 స్థానంలో భారతీయ న్యాయ సంహిత 223, సీఆర్‌పీసీ 195 స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) 215 వచ్చాయి. నంబర్లు మారినా మెలిక అలాగే ఉంది. కాబట్టి తహసీల్దారుతో ఫిర్యాదు కాగితం ఎలా తీసుకోవాలో ప్లాన్‌లోనే ఉండాలి, కేసులు పెట్టాక వెతుక్కోవడం కాదు.

మాజీ_రైటర్ | సోమవారం, ఉదయం 9:27

లాయర్ గారు కేసుల గురించి రాశారు, నేను బండ్ల గురించి రాస్తా. సీజ్ చేయమన్నారు, చేశాం. మా స్టేషన్ ఆవరణలో 60 బండ్లు పడతాయి. నెల తిరిగేసరికి 400 దాటాయి. వెనకున్న క్వార్టర్స్ గ్రౌండు నిండింది, పక్కన స్కూలు గ్రౌండు నిండింది. పెళ్లికార్డులు చింపి, ముక్క మీద నంబరు రాసి, నవారు దారంతో తాళంచెవికి కట్టేవాణ్ని. పెళ్లికార్డులే ఎందుకంటే, వాయిదా పడ్డ పెళ్లిళ్లవి స్టేషన్‌కు కట్టలు కట్టలు వచ్చి పడ్డాయి, పర్మిషన్ కోసం. మే నెలలో వానొచ్చి సగం ముక్కల మీద ఇంకు కారిపోయింది.

తిరిగి ఇవ్వమన్నప్పుడు చూడాలి నా పాట్లు. ఒక నంబరుకు రెండు తాళాలు, ఒక బండికి తాళమే లేదు. ప్రతి బండిలో పెట్రోలు ఎవరు తాగారని మమ్మల్నే అడిగేవాళ్లు. నిజం చెప్పాలంటే కొంత మా వాళ్లే తాగారు. ఆ వారం రోజులూ స్టేషన్ ముందు గుంపు, లాక్‌డౌన్ మొత్తంలో నేను చూసిన అతి పెద్ద గుంపు అదే! జనం గుమిగూడకుండా ఉండాలని పట్టుకున్న బండ్ల కోసం జనం గుమిగూడారు.

బండి పట్టుకోవడం అయిదు నిమిషాలు, ఇవ్వడం అయిదు రోజులు సార్. ఫోటో తీసి, నోటీసు ఇచ్చి పంపేయండి.

కఠినం_కావాలి | సోమవారం, మధ్యాహ్నం 12:44

అందరూ భలే మెత్తగా మాట్లాడుతున్నారు. ఆ రోజుల్లో లాఠీ లేకపోతే ఒక్కడు ఆగేవాడా? మా వీధిలో పేకాట రాయుళ్లు పోలీసు జీపు సౌండు వింటేనే లేచేవాళ్లు. చెప్తే వినే జనమా మనది? ఎస్సై గారూ, వీళ్ల మాట విని చప్పట్లు కొడుతూ కూర్చుంటే మీ మండలం మునిగిపోతుంది.

లాయర్_గుంటూరు | సోమవారం, మధ్యాహ్నం 1:15

అప్పటి మా గుంటూరు జిల్లా సంగతే చెప్తా. 2020 ఏప్రిల్ 20న సత్తెనపల్లిలో చెక్‌పోస్టు దగ్గర ఆపిన ఒక యువకుడు అక్కడే కుప్పకూలి చనిపోయాడు. మందుల కోసం బయటికొచ్చాడని, పోలీసులు కొట్టారని కుటుంబం చెప్పింది. ఎస్సైని సస్పెండ్ చేశారు. అదే ఏడాది జులైలో చీరాలలో మాస్కు విషయంలో ఆపిన కుర్రాడు ఆస్పత్రిలో చనిపోయాడు, అక్కడా ఎస్సై మీద చర్య. తమిళనాడు సాత్తాన్‌కుళంలో సెల్‌ఫోన్ షాపు మూయలేదని తీసుకెళ్లిన తండ్రీకొడుకులిద్దరూ పోయారు, కేసు సీబీఐకి వెళ్లింది. అన్నిటికీ మొదలు మాస్కు, షట్టరు, మందుల చీటీ. పేకాట రాయుళ్లు లేచి పోయారు సరే, మళ్లీ ఎక్కడ కూర్చున్నారో చూశారా?

విశ్రాంత_సీఐ | సోమవారం, మధ్యాహ్నం 2:50

కఠినం గారూ, మీలాగే నేనూ అనుకున్నా. మొదటి వారం లాఠీ వాడా. గుంజీలు తీయించా, కప్పగంతులు వేయించా, వీడియో తీయించి వాట్సాప్‌లో పెట్టించా. లైకులొచ్చాయి, సంతోషించా కూడా.

ఆ వీడియోలో గుంజీలు తీసినవాళ్లలో ఒకాయన నీళ్ల ట్యాంకు ఆపరేటర్. ‘సార్ మోటారు వేయాలి’ అన్నాడట, మావాళ్లు వినలేదు. అవమానంతో రెండు రోజులు ఇంట్లోంచి బయటికి రాలేదు. ఆ కాలనీకి రెండు రోజులు చుక్క నీళ్లు లేవు. చేతులు కడుక్కోండి అని మేము మైకులో అరుస్తున్న కాలనీ అది. మూడో రోజు నేనే ఆయనింటికి పోయా. క్షమించమని నేను అడగలేదు, నోరు రాలేదు. టీ ఇచ్చారు, తాగి వచ్చా. ఆయన మోటారు వేశాడు. ఆ వీడియో ఇంకా ఎవరో ఒకరి ఫోన్లో ఉండే ఉంటుంది.

కఠినం_కావాలి | సోమవారం, మధ్యాహ్నం 3:06

మీరు నిజాయితీగా రాశారు కాబట్టి వాదించను. కానీ వినేవాడు ఒకడైతే విననివాళ్లు పదిమంది ఉంటారు. వాళ్లను ఏం చేయాలో కూడా ఎవరైనా చెప్పండి.

పీహెచ్‌సీ_డాక్టరమ్మ | సోమవారం, సాయంత్రం 5:31

నేను మెడికల్ ఆఫీసర్‌గా పనిచేశా. విననివాళ్ల గురించి చెప్పే ముందు దాక్కున్నవాళ్ల గురించి చెప్పనివ్వండి.

మొదట్లో పాజిటివ్ వచ్చిన ఇంటికి మా ఆశా, ఏఎన్ఎం వెళ్లేటప్పుడు వెనక జీపు వచ్చేది, సైరన్‌తో సహా. ఇంటి ముందు బారికేడు, గోడకు కాగితం, గుమ్మంలో కానిస్టేబుల్. వీధంతా తలుపుల సందుల్లోంచి చూసేది. మర్నాటి నుంచి ఆ వీధిలో జ్వరమే లేదు! ఇంటింటి సర్వేలో ఎవరినడిగినా అందరూ బాగున్నారు. మెడికల్ షాపులో మాత్రం పారాసెటమాల్ షీట్లు అయిపోతున్నాయి. యూనిఫాం చూసి జ్వరం దాక్కుంది, తగ్గలేదు.

మా ఎస్సై గారికి ఆ షాపు లెక్క చూపించా. ఆయన అర్థం చేసుకున్నారు. తర్వాత కానిస్టేబుల్ మామూలు చొక్కాలో, బండి వీధి చివర ఆపి వచ్చేవాడు. కాంటాక్టులు పట్టుకునే పనిలో మాకు పోలీసులు చేసిన సాయం మరువలేనిది. మేము ‘ఎవరెవరిని కలిశారు’ అంటే చెప్పనివాళ్లు, బీట్ కానిస్టేబుల్ ‘మీ బావమరిది వాళ్లింట్లో ఫంక్షన్‌కు పోయారు గదా’ అంటే అప్పుడు చెప్పేవాళ్లు. ఊరి చుట్టరికాలన్నీ ఆయన నోట్లో ఉండేవి.

మాకు రక్షణ కూడా అవసరమే. ఏప్రిల్ 1న గాంధీ ఆస్పత్రిలో డాక్టర్ల మీద దాడి జరిగాక మాలో చాలామందికి నిద్ర లేదు. ఏప్రిల్ 22న ఆర్డినెన్స్ తెచ్చారు, ఆరోగ్య సిబ్బందిని తీవ్రంగా గాయపరిస్తే ఏడేళ్ల దాకా శిక్ష, 30 రోజుల్లో దర్యాప్తు పూర్తి చేయాలి, అదీ ఇన్‌స్పెక్టర్ స్థాయి అధికారే చేయాలి. కాబట్టి జీపు మా ఆస్పత్రి గేటు దగ్గర ఉంచండి, రోగి గుమ్మం దగ్గర కాదు.

విననివాళ్ల గురించి: అప్పటి కర్నూలు జిల్లా ప్యాపిలిలో ఒక ఎస్సై గారు తెల్ల గుర్రం ఒంటి నిండా ఎర్రగా వైరస్ బొమ్మలు వేయించి ఊళ్లో తిరిగారు గుర్తుందా? నేను అప్పుడు నవ్వా. ఇప్పుడు ఆలోచిస్తే మా పోస్టర్లన్నిటికంటే ఆ గుర్రమే ఎక్కువ మందికి గుర్తుంది.

లెస్టర్_తెలుగు | సోమవారం, రాత్రి 8:19

ఇంగ్లండ్‌లోని లెస్టర్ నుంచి రాస్తున్నా. 2020 జూన్ చివర్లో ఈ దేశంలో మొదటి లోకల్ లాక్‌డౌన్ మా ఊరికే పెట్టారు. ఇక్కడి పోలీసులకు నాలుగు మెట్లు ఇచ్చారు. ముందు పలకరించు, తర్వాత వివరించు, తర్వాత ఒప్పించు, అప్పటికీ వినకపోతేనే జరిమానా. కఠినం గారి ప్రశ్నకు జవాబు ఆ నాలుగో మెట్టు, కానీ మూడు ఎక్కాకే. మొదట్లో జరిమానా 60 పౌండ్లు, మే నుంచి 100.

ఇక్కడంతా పద్ధతిగా జరిగిందనుకోకండి. డెర్బీషైర్ పోలీసులు కొండల్లో నడిచేవాళ్లను డ్రోన్‌తో తీసి నెట్‌లో పెట్టారు. జనం ఈతకు రాకుండా నీలంగా ఉండే ఒక చెరువులో నల్లరంగు కలిపారు. 2021 జనవరిలో అయిదు మైళ్ల దూరం కారులో పోయి నడుస్తున్న ఇద్దరు ఆడవాళ్లకు చెరొక 200 పౌండ్లు వేశారు. చేతిలో కాఫీ కప్పులున్నాయి కాబట్టి అది పిక్నిక్ అట! గొడవయ్యాక రద్దు చేసి క్షమాపణ చెప్పారు. ప్రభుత్వం చెప్పిన సలహా వేరు, చట్టంలో ఉన్న మాట వేరు. కానిస్టేబుల్‌కు ఆ తేడా ఎవరూ చెప్పకపోతే ఎక్కడైనా ఇదే గతి.

కిరాణా_కొట్టు | సోమవారం, రాత్రి 9:05

హైదరాబాద్‌లో మూడు కిలోమీటర్ల రూలు గుర్తుందా? ఇంటి నుంచి మూడు దాటితే కెమెరా పట్టేస్తుందన్నారు. నా బండి రిజిస్ట్రేషన్ మా అత్తగారి ఊరి అడ్రసు మీద ఉంది. కొట్టు ముందు నిలబడ్డా నేరమే 🙂

అసలు విషయానికొస్తా. 2021 మే 12న తెలంగాణలో రెండో లాక్‌డౌన్. పొద్దున ఆరు నుంచి పది దాకానే సడలింపు. రోజంతా వచ్చే జనం నాలుగు గంటల్లో వచ్చారు. నా కొట్టు ముందు సున్నంతో గీసిన గళ్లు పాదాల కింద చెరిగిపోయేవి. పది కొట్టేసరికి విజిల్ వేసి షట్టరు దించమనేవాళ్లు, లోపల పదిమంది పప్పులు కట్టించుకుంటూ ఉండేవాళ్లు. ఒక రోజు ఎస్సై గారు వచ్చి, ఏ టైముకు జనం ఎక్కువ వస్తున్నారని నన్నే అడిగారు. తొమ్మిదిన్నరకు అన్నా. ఎందుకంటే అందరూ ఆఖరికి వస్తే తక్కువ లైను ఉంటుందనుకుంటున్నారు. మర్నాడు మైకులో ‘ఏడింటికి కొట్లు ఖాళీగా ఉన్నాయి’ అని చెప్పించారు. అంతే, రెండు రోజుల్లో సర్దుకుంది. కర్రతో పనిలేదు, అడగడంతో పని.

హోంగార్డు_సుజాత | సోమవారం, రాత్రి 10:37

అందరూ పెద్ద పెద్ద మాటలు రాస్తున్నారు. నేను చిన్నది అడుగుతా. చెక్‌పోస్టులో ఆడవాళ్లకు బాత్రూం ఎక్కడ?

సరిహద్దు చెక్‌పోస్టులో 12 గంటల డ్యూటీ. మగవాళ్లు చెట్టు చాటుకు పోతారు. మేము ముగ్గురం పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా ఉండేవాళ్లం. ఏప్రిల్ ఎండ, మొహానికి మాస్కు, చేతులకు గ్లౌజులు. నెల తిరక్కుండానే ఇద్దరికి యూరిన్ ఇన్‌ఫెక్షన్. కరోనా రాలేదు, ఇది వచ్చింది. దగ్గర్లో పెట్రోలు బంకు ఉంది, దాని బాత్రూంకు తాళం. ఓనర్‌తో ఒక్క మాట చెప్తే అయిపోయేది, ఎవరికీ తట్టలేదు. చివరికి ఎస్సై గారి భార్య ఏదో పని మీద అటు వచ్చి, చూసి, ఆయనకు చెప్తే అప్పుడు తాళం తీశారు.

హెడ్_గారి_ఇల్లాలు | సోమవారం, రాత్రి 11:10

సుజాతా, నువ్వు రాసింది చదివి కళ్లు చెమర్చాయమ్మా.

మాది రెండు గదుల క్వార్టర్. ఆయన డ్యూటీ నుంచి వస్తే గుమ్మం బయటే బకెట్టు పెట్టేదాన్ని. యూనిఫాం అక్కడే విప్పి బ్లీచింగ్ నీళ్లలో పడేసేవారు. నెల రోజులకు ఖాకీ మీద తెల్ల మచ్చలు, చారలు. యూనిఫాం అలవెన్సుకు కొత్తది కుట్టించుకోవచ్చు, టైలర్ షాపు ఎక్కడ తెరిచి ఉంది? మచ్చల ఖాకీతోనే మూడు నెలలు తిరిగారు. చిన్నది నాన్న కాళ్లకు చుట్టుకోబోతే ఆయన వెనక్కి దూకేవారు. దానికి అదో ఆట అయిపోయింది, నవ్వేది. ఆయన నవ్వేవారు కాదు.

మే నెలలో హైదరాబాద్ కుల్సుంపురా స్టేషన్ కానిస్టేబుల్ పోయాడని టీవీలో చెప్పారు. తెలంగాణ పోలీసుల్లో మొదటి మరణం. ఆ రాత్రి క్వార్టర్స్‌లో ఏ ఇంట్లోనూ టీవీ సౌండు వినపడలేదు. మర్నాడు పొద్దున్నే మా సీఐ గారు క్వార్టర్స్‌కు వచ్చి, మగవాళ్లను కాదు, మమ్మల్ని పిలిచి మాట్లాడారు. మీకు ఏం కావాలి అని అడిగారు. ఒక ఖాళీ గది కావాలన్నాం, జ్వరం వచ్చినవాళ్లు విడిగా ఉండటానికి. కమ్యూనిటీ హాల్లో అయిదు మంచాలు వేయించారు. మరుసటి ఏడాది సెకండ్ వేవ్‌లో ఆ మంచాలన్నీ నిండాయి. 2021 ఫిబ్రవరిలో పోలీసులకు టీకాలు వేయబట్టి మావాళ్లు బతికారని ఇప్పటికీ అనుకుంటా.

బాబూ, మీ ప్లాన్‌లో క్వార్టర్స్ అన్న మాట ఉందా?

ఆక్సిజన్_డ్రైవర్ | మంగళవారం, ఉదయం 7:48

సెకండ్ వేవ్‌లో ట్యాంకరు నడిపినోణ్ని. ఆ రోజుల్లో జిల్లా దాటగానే కొత్త ఎస్కార్టు జీపు రెడీగా నిలబడి ఉండేది. టోల్ గేట్లు తెరిచి ఉంచేవారు. ఒక జిల్లా ఇన్‌స్పెక్టర్ ముందు జిల్లావాళ్లకు ఫోన్ చేసి ‘బండి బయల్దేరింది’ అని చెప్పేవాడు, నా చెవులతో విన్నా. అదే 2021 మే నెలలో కర్నూలు పక్కన సరిహద్దులోని పుల్లూరు దగ్గర ఆంధ్ర అంబులెన్సులను తెలంగాణ పోలీసులు ఆపేశారు, తెలంగాణ హైకోర్టు చెప్తే గానీ దారి దొరకలేదు. ఖాళీ కాని నా ట్యాంకరుకు సెల్యూట్, ఊపిరాడని మనిషికి బారికేడు. అదే పోలీసు, అదే రోడ్డు. పైన చెల్లెమ్మ ఎన్ఓసీ గురించి రాసింది గదా, 2020లో జరిగిందే ఏడాదికి మళ్లీ జరిగింది.

విశ్రాంత_సీఐ | మంగళవారం, ఉదయం 8:30

డ్రైవర్ అన్నా, అది కింది ఎస్సైల చేతిలో లేదు, పైనుంచి వచ్చిన ఉత్తర్వు. కానీ ఎస్సై చేతిలో ఒకటి ఉంటుంది. అవతలి స్టేషన్ ఎస్సై నంబరు. నా సర్వీసులో సరిహద్దు అవతల ఎస్సైతో చాయ్ తాగని ఏడాది లేదు, ఒక్క 2020 తప్ప. అవసరమైన ఏడాదే తాగలేదు.

కొత్త_ఎస్సై | మంగళవారం, రాత్రి 9:52

అందరికీ చేతులెత్తి నమస్కారం. రెండు రాత్రులు కూర్చుని రాశా. మొదటి పేజీ మొత్తం మావాళ్ల గురించే. రెండు జట్ల పేర్లతో సహా రాశా, తొమ్మిది మంది పెద్దవాళ్లకు ఫోన్ డ్యూటీ, క్వార్టర్స్ వెనకున్న ఖాళీ బ్యారక్‌లో విడిగది, టెంటు ఎక్కడ వేయాలో. రెండో పేజీలో తహసీల్దారు ఫిర్యాదు నమూనా, డాక్టరమ్మ గారు చెప్పినట్టు జీపు ఆస్పత్రి గేటు దగ్గర, బండ్లు సీజ్ చేయకుండా ఫోటో, నోటీసు. పక్క రాష్ట్రం స్టేషన్ ఎస్సైకి ఈ రోజు ఫోన్ చేశా. ఎందుకు చేశావని అనుమానంగా అడిగాడు 🙂 ఆదివారం చాయ్‌కి రమ్మన్నాడు.

రైటర్ చదివి, ‘సార్, ఇందులో ఒక్క సర్క్యులర్ నంబరు కూడా లేదు, వెనక్కి పంపుతారు’ అన్నాడు. రెండు నంబర్లు కింద కలిపా, ఆయన తృప్తి కోసం.

హోంగార్డు_సుజాత | మంగళవారం, రాత్రి 10:05

బాత్రూం రాశారా సార్?

కొత్త_ఎస్సై | మంగళవారం, రాత్రి 10:11

రాశానమ్మా. హైవే మీద చెక్‌పోస్టు జాగాకు 300 మీటర్లలో దాబా ఉంది. పొద్దున వెళ్లి ఓనర్‌తో మాట్లాడి వచ్చా, ఒప్పుకున్నాడు.

హెడ్_గారి_ఇల్లాలు | మంగళవారం, రాత్రి 10:14

దాబా లాక్‌డౌన్‌లో మూసేస్తారు కదా బాబూ. తాళం ఎవరి దగ్గర ఉంటుంది?

కొత్త_ఎస్సై | మంగళవారం, రాత్రి 10:31

అది తట్టలేదు. ఇప్పుడే ఆయనకు ఫోన్ చేశా. రెండో తాళంచెవి రేపు స్టేషన్‌లో ఇస్తానన్నాడు.